140 ఆటలు కొన్నాను, ఆడేది మాత్రం ఆ పాతదొక్కటే

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 36 ఏళ్ళు. మాది హనుమకొండ, ఉద్యోగం హైదరాబాద్‌లో. పెళ్ళై ఎనిమిదేళ్ళు, ఆరేళ్ళ పాప ఉంది. చిన్నప్పటి నుంచీ వీడియో గేమ్స్ అంటే పిచ్చి. జీతం రావడం మొదలైన దగ్గర్నుంచి కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ షాపులో సేల్ పెట్టినప్పుడల్లా కొంటూనే ఉన్నాను. మొన్న లెక్క చూస్తే 140 దాటాయి, పూర్తి చేసినవి పది కూడా లేవు. రాత్రి పాప పడుకున్నాక సిస్టమ్ ముందు కూర్చుని, ఏది ఆడాలా అని అరగంట లిస్టు పైకీ కిందికీ తిప్పి, చివరికి మళ్ళీ ఊరు కట్టి సైన్యాలతో పోరాడే ఆ పాత ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 పెట్టుకుంటాను. కొత్తవి ఎప్పుడైనా ఆడితే ఈజీ లెవెల్లోనే. ఆ సంగతి చెప్తే ఆఫీసులో జూనియర్ కుర్రాడు 'అన్నా, ఈజీలో ఆడితే అది ఆడినట్టా' అని నవ్వాడు. మా ఆవిడ పైకి ఏమీ అనదు కానీ మొహం ముడుచుకుంటుంది. మామగారైతే 'ఇంకా ఆ గేములేంటి బాబూ, డబ్బులు గానీ పోతున్నాయా' అని అడిగేశారు. నాకు ఆటల మీద ఇష్టం పోయిందంటావా? కొత్త గ్రాఫిక్స్ కార్డో, టీవీకి తగిలించే పీఎస్5 ఓ కొంటే మళ్ళీ వస్తుందా? లేక ఇదంతా మానేసే వయసొచ్చిందా?

సమాధానం:

తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ముందు నీ పెద్ద ప్రశ్నకి చిన్న జవాబు: ఇష్టం పోలేదు. ఇష్టం పోయినవాడు రాత్రి పదిన్నరకి లిస్టు తిప్పుతూ కూర్చోడు, హాయిగా పడుకుంటాడు. నీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు అర్థమైందేంటంటే, ఆడటం ఒక పని, కొనడం ఇంకో పని, ఇంట్లో వాళ్ళ మొహాలు చూడలేకపోవడం మూడోది, ఈ మూడింటినీ కలిపి ఒక ముద్ద చేసుకుని, ఆ ముద్ద గొంతులో అడ్డం పడితే 'ఆటలు మానేయాలా' అంటున్నావు.

నా సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే నీ 140 ఆటల గుట్టు అక్కడే ఉంది. నాకు 44. మాది తెనాలి. 1992 ఎండాకాలంలో మా నాన్న బెజవాడ బీసెంట్ రోడ్డులో మా అన్నయ్యకి టీవీ గేమ్ కొన్నాడు. అన్నయ్యకి, నాకు కాదు. నింటెండో వాళ్ళ ఫ్యామికామ్ అనే అసలు సెట్ జపాన్‌లో 1983లో వచ్చింది, మన ఊళ్ళ దాకా వచ్చినవి మాత్రం ఎక్కువగా దాని డూప్లికేట్ సెట్లే. అసలేదో నకలేదో మాకేం తెలుసు? క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని రాసుంటే నిజంగానే అన్ని ఆటలు ఉంటాయనుకున్నాం. ఉన్నవి ఏడో ఎనిమిదో, మిగతావన్నీ అవే ఆటలు, ఇంకో స్టేజీ నుంచి మొదలవుతాయి అంతే. అన్నయ్య నా చేతికి రెండో రిమోట్ ఇచ్చి, 'నేను మారియో, ఎదురొచ్చే తాబేళ్ళనీ పుట్టగొడుగుల్నీ నడిపించేది నువ్వు' అనేవాడు. నెల రోజులు నమ్మాను. చెమటలు పట్టేలా నొక్కేదాన్ని, తాబేలు వాణ్ణి గుద్దిందంటే నా ప్రతిభేననుకునేదాన్ని. ఓ రోజు ఇల్లు ఊడుస్తుంటే కనిపించింది, నా రిమోట్ వైరు చివర అసలు సెట్‌కి తగిలించే లేదు.

ఆ సెట్‌కి మా ఇంట్లో ఉన్న క్యాసెట్లు రెండు. ఇంకోటి ఆడాలంటే వీడియో షాపులో రోజుకి ఐదు రూపాయల అద్దె, ఆ ఐదు రూపాయలకి నాన్నని మూడు రోజులు బతిమాలాలి, తీరా తెచ్చాక కరెంటు పోతుంది, కరెంటు వచ్చాక 'పిక్చర్ ట్యూబ్ పోతుంది, ఇక కట్టెయ్యండి' అంటారు. క్యాసెట్ పట్టకపోతే తీసి ఊది పెట్టేవాళ్ళం, ఊదితే బాగవుతుందని దేశమంతా నమ్మింది. నిజానికి ఊదడం వల్ల కాదు, తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్నులు సరిగ్గా ఆనేవి, ఊదితే నోటి తడి తగిలి ఇంకా పాడయ్యేవి. నేను ఇప్పటికీ పెన్‌డ్రైవ్ పెట్టేముందు ఊదుతాను, మా ఆఫీసులో నవ్వుతారు, నవ్వనీ.

నీది నాకంటే ఎనిమిదేళ్ళు తక్కువ, నువ్వు క్యాసెట్ల కాలం తోక పట్టుకుని ఉంటావు, తర్వాత ఇంటర్నెట్ సెంటర్లో గంటకి ఇంత అని ఇచ్చి కౌంటర్ స్ట్రైక్, రోడ్డు పక్క కొన్న సీడీలో వైస్ సిటీ, సగం దాకా వచ్చాక రెండో డిస్క్ పెట్టమని అడిగితే ఆ రెండో డిస్కే లేకపోవడం, ఇవన్నీ చూసే ఉంటావు. అంటే మనమంతా ఆట దొరక్క పెరిగినవాళ్ళం. అలాంటి పిల్లాడి చేతికి ఉద్యోగం వచ్చింది, 2015 నవంబర్లో స్టీమ్ ధరలు రూపాయల్లో చూపించడం మొదలుపెట్టింది, వేసవి సేల్ అనీ శీతాకాలం సేల్ అనీ నాలుగొందల ఆట తొంభైకి పెట్టారు. ఇంకేముంది. ఆ 140 కొన్నది ఇప్పటి నువ్వు కాదు, అద్దె డబ్బులకి నాన్న వెనక తిరిగిన ఆ పన్నెండేళ్ళ పిల్లాడు. వాడికి కొనడంతోనే ఆకలి తీరిపోయింది. ఆడటానికి వాడికి టైముండేది, డబ్బుల్లేవు. ఇప్పుడు డబ్బులున్నాయి, టైము లేదు. అందుకని ఆ లిస్టు చూసి బాకీపడ్డవాడిలా తల దించుకోకు. పెళ్ళిళ్ళకి పెట్టిన చీరలు బీరువాలో ముప్పై ఉంటే నేనెప్పుడూ వాటిని చూసి 'అయ్యో, ఇవన్నీ కట్టి పూర్తి చెయ్యాలే' అనుకోలేదు.

అయినా లెక్క కావాలంటే చూడు. విచర్ 3 ఉందనుకో, నీ లిస్టులో ఉండే ఉంటుంది, అందరి లిస్టులోనూ ఉంటుంది. అసలు కథ ఒక్కటే పట్టుకుని పోయినా సుమారు యాభై గంటలు. నీకు వారానికి మూడు రాత్రులు, రాత్రికి గంట దొరుకుతుందనుకుంటే నాలుగు నెలలు. అది ఒక్క ఆట. అలాంటివి నలభై ఉన్నా పదమూడేళ్ళు పడుతుంది, అప్పటికి మీ పాప ఇంజనీరింగ్‌లో ఉంటుంది. ఇది అయ్యే పని కాదని ఒప్పుకుంటే చాలు, సగం బరువు దిగిపోతుంది. నేను చేసింది చెప్తాను. లైబ్రరీలో ఆట మీద రైట్ క్లిక్ చేస్తే మేనేజ్ అనే చోట దాచేసే ఆప్షన్ ఉంటుంది, ఓ ఆదివారం కూర్చుని మూడు తప్ప అన్నీ దాచేశాను. ఒకటి పాతది, ఎప్పుడూ ఆడేది. ఒకటి పెద్దది. ఒకటి చిన్నది. పెద్దదంటే నెలల తరబడి సాగేది, చిన్నదంటే పోర్టల్ లాంటిది, 2007 నాటిది, మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది, పైగా ఒక్క నిమిషం కూడా సాగదియ్యరు. చిన్న ఆటలు పూర్తి చేస్తుంటే పూర్తి చెయ్యగలననే ధీమా తిరిగి వస్తుంది. ఇంకో సంగతి, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే స్టీమ్ డబ్బులు వెనక్కిస్తుంది. కొన్న రోజే కూర్చుని గంటన్నర ఆడు, నచ్చకపోతే వెనక్కిచ్చెయ్. ఆ రాత్రి ఆడే తీరిక లేకపోతే ఆ రాత్రి కొనొద్దు. నేను ఈ ఒక్క నియమం పెట్టుకున్నాక సేల్‌లో నా ఖర్చు పావు వంతుకి వచ్చింది.

ఇక ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. నువ్వు దాన్ని తప్పు ఒప్పుకుంటున్నట్టు రాశావు, నాకు అది చదివి నవ్వొచ్చింది. 1999లో వచ్చిన ఆటని పాతికేళ్ళ తర్వాత కూడా తీసి ఆడుతున్నామంటే అది ఆట గొప్పతనం కదా, నీ చేతకానితనం ఎలా అవుతుంది? మొదటి పది నిమిషాలు దాన్ని చేతులే ఆడతాయి: గొర్రెలు, కట్టెలు, ఇల్లు, అడవి పందికి ఒక బాణం వేసి ఊరి మధ్యకి పరిగెత్తించుకురావడం. మా అమ్మ పొద్దున్నే ముగ్గు వేసేటప్పుడు చుక్కలు లెక్కపెట్టదు, చెయ్యి వెళ్ళిపోతూ ఉంటుంది, ఆవిడ మనసు ఎక్కడో ఉంటుంది, ముగ్గయ్యేసరికి ఆవిడ మొహం తేటగా ఉంటుంది. రోజంతా ఆఫీసులో కొత్త సమస్యలు విప్పినవాడికి రాత్రి ఇంకో కొత్త లోకం నియమాలు నేర్చుకునే ఓపిక ఉండదు. ఏ బటన్‌కి ఏమవుతుందో చెప్పే పాఠమే గంటసేపు సాగే ఆటలున్నాయి ఇప్పుడు, అది ఆడటమా, ఉద్యోగంలో చేరిన మొదటి రోజా? నీ మెదడు తెలివిగానే ఎంచుకుంటోంది, దాన్ని తిట్టకు. అన్నట్టు 2022లో దానికి డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అని ఒక అదనపు భాగం కలిపారు, అందులో ద్రవిడులు అనే జట్టు వచ్చింది, పడవలూ కాలిబంట్లూ బలం, నైట్లు అనే కవచాల గుర్రపు దళం మాత్రం లేదు. హనుమకొండవాడివి, కాకతీయుల గుర్రాలేవని నీకు కోపం రాలేదా? నాకైతే వచ్చింది. కోపం వచ్చినా అదే తీసుకుని ఆడుతున్నాను.

ఆ జూనియర్ కుర్రాడి విషయానికొద్దాం. వాడికో కథ చెప్పు. కొనామీ అనే జపాన్ ఆటల కంపెనీలో కజుహిసా హాషిమోటో అని ఒకాయన ఉండేవాడు, గ్రాడియస్ అనే అంతరిక్షం ఆటని నింటెండో సెట్‌కి మారుస్తున్నాడు, 1986లో అది వచ్చింది. తను చేస్తున్న ఆటని తనే పరీక్షించడానికి ఆడితే ముందుకు పోలేకపోతున్నాడు, అంత కష్టంగా ఉంది. అందుకని పైకి పైకి కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ అని నొక్కితే ఆయుధాలన్నీ ముందే వచ్చేసేలా ఒక దొంగదారి పెట్టుకున్నాడు. ఆ దారి తియ్యకుండానే ఆట బయటికి వచ్చేసింది. తర్వాత కాంట్రా అనే తుపాకుల ఆటలో ముప్పై ప్రాణాలొచ్చేది కూడా ఆ వరసతోనే. అంటే తయారుచేసినవాడే ఈజీలో ఆడాడు. మన తరంలో కాంట్రా పూర్తి చేశానని చెప్పుకునేవాడెవడైనా ఆ ముప్పై ప్రాణాలు లేకుండా చేశాడా అని అడిగితే ఎటో చూస్తాడు.

వయసు మాట కూడా ఉంది, దాచడమెందుకు. 2014లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ వాళ్ళు స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధం ఆట ఆడే 3,305 మంది ఆటల రికార్డులు తీసి చూశారు, 16 నుంచి 44 ఏళ్ళవాళ్ళవి. కొత్తది కనిపించినప్పుడు చెయ్యి కదిలే వేగం 24 ఏళ్ళ దగ్గర్నుంచే తగ్గడం మొదలవుతుందని తేలింది. ఇరవై నాలుగు! అదే చోట ఇంకో మాట కూడా ఉంది, పెద్దవాళ్ళు అడ్డదారి బటన్లూ తేలిక పద్ధతులూ వాడుకుని ఆ లోటు భర్తీ చేసుకుంటున్నారని. నువ్వు ఈజీ నొక్కడం కూడా అలాంటిదే అనుకో. సెలెస్ట్ అని 2018లో కొండెక్కే ఆట ఒకటి వచ్చింది, మహా కష్టం, అయినా అందులో అసిస్ట్ మోడ్ పెట్టారు, ఆట వేగం తగ్గించుకోవచ్చు, అసలు చావే లేకుండా చేసుకోవచ్చు. హేడీస్ అనే ఆటలో గాడ్ మోడ్ పెట్టుకుంటే దెబ్బల్లో 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం. ఎన్నిసార్లు ఓడితే అంత దయ చూపిస్తుంది, నాకు భలే నచ్చిన ఆలోచన అది. సెకిరో అనే ఇంకో ఆటలో అలాంటిదేమీ లేదు, కష్టాన్ని తగ్గించనే తగ్గించరు, అది వాళ్ళ ఇష్టం. నేను దాంట్లో మూడో పెద్ద శత్రువు దగ్గర పదకొండు రోజులు కూర్చుని, పన్నెండో రోజు తీసేశాను. తీసేసిన రాత్రి ఎంత బాగా నిద్రపట్టిందో చెప్పలేను. కష్టపడి గెలిచినప్పుడు వచ్చే ఆనందం నిజమే, కాదనను, ఆ కుర్రాడికి ఆ ఆనందం కోసం ఆదివారం మొత్తం ఉంది. నీకు పది నలభై నుంచి పదకొండు నలభై వరకే ఉంది.

మాటల్లో మాట, ఇన్నేళ్ళు ఆడినవాళ్ళకి అలవాట్లు అలా పేరుకుపోతాయి, నీకూ ఉంటాయి, వాటిని చూసి సిగ్గుపడకు. నేను తెలుగు, ఇంగ్లిష్ ఏ మాట వినిపించినా సబ్‌టైటిల్స్ లేకుండా ఆడలేను, ఫ్యాను చప్పుడులో ఏమీ వినబడదు. మౌస్ కిందికి లాగితే పైకి చూడాలి నాకు, ఎప్పుడో కంప్యూటర్లో విమానం నడిపే ఆటతో మొదలుపెట్టినందువల్ల, మా అబ్బాయి నా సిస్టమ్ ముట్టుకుంటే ఐదు నిమిషాల్లో తిట్టుకుంటూ లేస్తాడు. దారి ఎటో తెలిసిపోతే దానికి ఎదురు దిక్కున పోతాను, అటు గోడ మూల ఏదైనా పెట్టె ఉందేమోనని. ఒకసారి సేవ్ చేసి, నమ్మకం లేక మళ్ళీ సేవ్ చేస్తాను, ఇది ప్రాజెక్ట్ ఐజీఐ పెట్టిన భయం, 2000లో వచ్చిన ఆ ఆటలో మిషన్ మధ్యలో సేవే ఉండేది కాదు, నలభై నిమిషాలు పాకి పాకి వెళ్ళి చివర్లో అలారం మోగితే మొదటికి. ఇక మందులు. ఆటలో దొరికిన మంచి మందులన్నీ పెద్ద శత్రువు కోసమని దాస్తాను, పెద్ద శత్రువొస్తే ఇంకా పెద్దవాడుంటాడేమోనని దాస్తాను, ఆట అయిపోతుంది, సంచిలో తొంభై మందులు అలాగే ఉంటాయి. చుట్టాలొస్తే తీద్దామని మా అత్తగారు అటక మీద పెట్టిన గాజు గిన్నెల సెట్టు గుర్తొస్తుంది, ముప్పై ఏళ్ళుగా ఏ చుట్టమూ ఆ స్థాయికి చేరలేదు.

నచ్చనివి కూడా రెండు చెప్పి వదిలేస్తాను. మ్యాప్ తెరిస్తే నిండా గుర్తులు, ఇక్కడ పది ఈకలు, అక్కడ పన్నెండు జెండాలు, అలాంటి ఆటలు నీలాంటి ఉద్యోగస్తుడు ముట్టుకోకూడదు, పొద్దున్న ఆఫీసులో కంప్లైంట్ టికెట్లు మూసి రాత్రి ఇంట్లో టికెట్లు మూసినట్టుంటుంది. రోజూ లాగిన్ అయితేనే బహుమతి, ఈ వారం ఆడకపోతే పోతుంది అనేవి ఇంకా ఘోరం. చీటీ డబ్బులు వసూలు చేసేవాడు కూడా నెలకొకసారే వస్తాడు.

ఇప్పుడు నువ్వు రెండు ముక్కల్లో తేల్చేసిన విషయం. మీ ఆవిడ 'పైకి ఏమీ అనదు' అన్నావు. నువ్వు అడిగావా? పాప పడుకున్నాక నువ్వు సిస్టమ్ ముందు కూర్చుంటున్నావు, ఆ గంటలో ఆవిడ ఏం చేస్తోందో నీ ఉత్తరంలో ఒక్క అక్షరం లేదు. నేను చెప్పనా? గిన్నెలు సింకులో వేస్తూ ఉంటుంది, రేపటి టిఫిన్‌కి పప్పు నానబోస్తుంటుంది, పాప యూనిఫాం ఎక్కడుందో వెతుకుతుంటుంది. కాకపోతే సంతోషం, నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ నాకు అనుభవం ఉంది, ఎందుకంటే మా ఇంట్లో ఆడేది నేను. పెళ్ళైన కొత్తలో నేను హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే పక్కింటావిడ ఆఫీసు పని అనుకునేది, నేనూ కాదనేదాన్ని కాదు, ఆడది ఆట ఆడుతోందంటే ఏమంటారో అని. ఐపీఎల్ వచ్చిందంటే రెండు నెలలు మా ఆయన సాయంత్రం ఏడున్నర నుంచి పదకొండున్నర దాకా సోఫాకి అతుక్కుపోతాడు, ఆయన్ని ఎవరూ ఇంకా చిన్నపిల్లాడివేంటి అనలేదు. ఓ ఏడాది నేను కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను, నీ గంటలివి, నా గంటలివి, ఈ రెండూ కాని పని గంటలు ఇవి, అవి ఎవరు చేస్తున్నారు అని. మాటామాటా అనుకున్నాం, మర్నాడు కూడా అనుకున్నాం. ఆ తర్వాత కుదిరిన లెక్క ఇప్పటికీ నడుస్తోంది: పొద్దున ఐదు నుంచి ఆరుంపావు దాకా నాది, ఆ టైములో పాలవాడొచ్చినా కాలింగ్ బెల్ మోగినా ఆయనే లేస్తాడు.

నువ్వు కూడా అదే చెయ్యి. గ్రాఫిక్స్ కార్డు సంగతి మాట్లాడే ముందు ఆవిడతో ఈ మాట మాట్లాడు. ముందు ఆవిడ గంట ఏదో ఆవిడనే చెప్పనివ్వు, ఆ గంట పాప నీది, వంటిల్లు నీది, ఫోన్ చేసి 'పంచదార ఎక్కడుంది' అని అడగడం కూడా ఉండకూడదు. ఆ తర్వాత నీ గంట అడుగు. ఆవిడ మొహం ముడుచుకునేది నువ్వు ఆడుతున్నందుకు కాకపోవచ్చు, తనకి ఆడుకునే గంట లేనందుకు అయ్యుండొచ్చు. ఇది నా ఊహే, అసలు జవాబు ఆవిడ దగ్గరుంది.

మామగారి మాటకి మాత్రం బాధపడకు, ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. ఆయనకి ఫోన్లో గేమ్ అంటే రమ్మీ. ఊళ్ళో ఎవరో ఒకరు దాంట్లో పొలం పోగొట్టుకున్న కథ ఆయన వినే ఉంటారు. తెలంగాణలో 2017లోనే డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఆపేశారు, ఆంధ్రలో 2020లో, 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికి చట్టం తెచ్చింది. ఆయన్ని ఓసారి పక్కన కూర్చోబెట్టుకుని చూపించు, 'మామయ్యా, ఇది సినిమా టికెట్ కొన్నట్టు ఒకసారి కొనేది, పందెం ఉండదు, గెలిచినా పైసా రాదు' అని. గెలిచినా ఏమీ రాదంటే ఇంకెందుకు ఆడటం అని ఆయన అడుగుతారు, దానికి నా దగ్గర కూడా జవాబు లేదు, కాఫీ ఇచ్చి మాట మార్చెయ్.

వ్యసనమేమో అని భయం కూడా నీ ఉత్తరంలో లోపల ఎక్కడో ఉన్నట్టనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉన్నమాట నిజమే, 2019లో ఒప్పుకున్నారు, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్ళు చూసేవి ఇవి: ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ళ ముందు కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం, అది కూడా మామూలుగా ఏడాది పాటు సాగితే. ఉద్యోగం చేసుకుంటూ, పాప పడుకునేదాకా ఆగి, గంట ఆడి లేచేవాడికి అది అంటించలేం. ఒకవేళ ఆ గంట మూడు గంటలై, పొద్దున స్టాండప్ మీటింగుకి లేవలేక, ఇంట్లో అబద్ధాలు చెప్పే దాకా వస్తే అప్పుడు నాకు కాదు, సైకియాట్రిస్టుకి చూపించుకో, సిగ్గుపడకు.

గ్రాఫిక్స్ కార్డా, పీఎస్5 ఆ అన్నావు. రెండూ వద్దు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడటానికి కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీ దాకా వెళ్ళి యాభై వేలు పెట్టి కార్డు తెచ్చుకోవడమేంటి తమ్ముడూ? నాది ఇప్పటికీ జీటీఎక్స్ 1060, 2016 నాటిది, దుమ్ము దులిపితే పరిగెడుతుంది. కొత్త వస్తువు కొన్న వారం భలే ఉంటుంది, ఎనిమిదో రోజు నువ్వు మళ్ళీ అదే లిస్టు తిప్పుతావు, కాకపోతే నీడలు ఇంకాస్త అందంగా కనిపిస్తాయి. అంతగా చెయ్యి దురదపెడితే మంచి కుర్చీ కొనుక్కో. నలభై దాటాక చూద్దాంలే అనుకోకు, మెడ నొప్పి ముందే వస్తుంది, నా మాట విను. మణికట్టు కింద మెత్తటిది ఏదైనా పెట్టుకో.

ఒక్క కొనుగోలుకి మాత్రం ఒప్పుకుంటాను. అన్‌టైటిల్డ్ గూస్ గేమ్ అని ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వాళ్ళు చేశారు, 2019లో వచ్చింది, మరుసటేడు ఇద్దరు ఆడుకునేలా మార్చారు. నువ్వొక బాతువి, ఊళ్ళో పడి అందర్నీ ఏడిపించాలి, తోటమాలి తాళాలు ఎత్తుకుపోవాలి, వాణ్ణి నీళ్ళతో తడపాలి. చావడం లేదు, పాయింట్లు లేవు, ఈజీ లేదు హార్డ్ లేదు. అరవడానికి ఒక బటన్ ఉంది, అది నొక్కితే చాలు ఆరేళ్ళ పిల్ల పడీపడీ నవ్వుతుంది. ఆదివారం పొద్దున మీ ఆవిడ గంట మొదలవగానే పాపని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టు. రెండు కంట్రోలర్లు, అదే మన రిమోట్లు, ఉంటే మంచిది. పాపకి ఇచ్చేది పనిచేస్తోందో లేదో నువ్వే ముందు ఓసారి నొక్కి చూడు.